ట్యూబు డాక్టరు కాలిపుండు

మందుల షాపాయన్ని వీధంతా ట్యూబు డాక్టరనే పిలిచేది. దురదన్నా, తామరన్నా, మొటిమన్నా ఆయన చెయ్యి ఒకే స్టెరాయిడ్ ట్యూబు మీదికి పోయేది. పూసిన పూటకే మంట చల్లారేది కాబట్టి పేరు మోగిపోయింది. చర్మం పల్చబడిందని ఎవరైనా తిరిగొస్తే, “మీ ఒంటి తీరే అంత” అని తేల్చేసేవాడు.

ఓరోజు షాపు షట్టరు గీరుకుని ఆయన పిక్క చీరుకుపోయింది. ధీమాగా ఆ ట్యూబే పూసుకున్నాడు. ఎరుపు తగ్గింది, నొప్పి తగ్గింది, పుండు మాత్రం నోరు తెరుచుకునే ఉంది. చివరికి భార్య ఆసుపత్రికి లాక్కెళ్లింది.

“ఈ మందు వాపుని అణిచేస్తుంది, కొత్త చర్మాన్నీ ఎదగనివ్వదు. పుండుకి పూయమన్న ప్రబుద్ధుడెవరు?” అంది డాక్టరమ్మ.

“మా వీధిలో షాపువాడండీ,” అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

“వాడి మాట ఇంకెప్పుడూ వినకండి.”

“నేను పెళ్లయిన కొత్తలోనే మానేశానండీ,” అంది భార్య.