అక్కయ్యతో ఏలూరు దారి

పోయిన వారం మావారి కంటి ఆపరేషనుకి ఏలూరు వెళ్లాం. పని అయ్యాక ఆస్పత్రి మెట్ల మీద నిలబడి మా అమ్మాయి ఫోనులో ఏదో నొక్కింది. చేతిలో టీ చల్లారకముందే తెల్లకారు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి తలుపు తీసి, "నిదానంగా ఎక్కండి సార్, తల జాగ్రత్త" అన్నాడు. నేను ఎక్కకుండా ఆ వెనక సీటు వైపే చూస్తూ ఉండిపోయాను. మెత్తగా, వెడల్పుగా, మనిషి కాళ్లు ముడుచుకుని హాయిగా పడుకునేంత ఉంది. "ఏంటమ్మా, ఎక్కవేం?" అని అమ్మాయి విసుక్కుంది. ఇదే ఏలూరికి మా తోటికోడలిని తిప్పిన రోజులు గుర్తొచ్చాయని చెప్పొచ్చు. కానీ ఆ కథ కారు తలుపు పట్టుకుని నిలబడి చెప్పేది కాదు.

తోటికోడలిని నేను అక్కయ్యా అనేదాన్ని. పిలుపులో ఉన్నంత చనువు మా మధ్య లేదు. ఒక వేసవిలో ఆవకాయ జాడీ దగ్గర మొదలైన మాట పెరిగి పెరిగి వేరు కాపురాల దాకా వెళ్లింది. ఉప్పు ఎక్కువేసింది ఆవిడా నేనా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఆ తర్వాత ఒకే పెరటి గోడకి అటూ ఇటూ ఉంటూ, పెళ్లిళ్లకీ చావులకీ తప్ప మాట్లాడుకున్నది లేదు. అలాంటిది, ఆవిడ కిడ్నీలు రెండూ పనిచెయ్యడం లేదని, వారానికి మూడుసార్లు ఏలూరులో డయాలసిస్ చేయించాలని డాక్టర్లు తేల్చారు. బావగారికి చూపు ఆనదు. వాళ్లమ్మాయి తాడేపల్లిగూడెంలో చంటిబిడ్డతో ఉంది. తోడెవరు వెళ్తారని బావగారు పెరట్లో ఎవరితోనో అంటుంటే విని, గోడ ఇవతల నుంచి "నేను వెళ్తాలెండి" అనేశాను. ఎందుకన్నానో నాకే తెలీదు. బట్టలు ఆరేస్తున్నదాన్ని, నోరు జారినట్టు జారింది.

కొల్లేటి లంకల్లో మాది ఒక ఊరు. అక్కడినుంచి ఏలూరు చెప్పుకోడానికి పెద్ద దూరం కాదు. కానీ జబ్బుమనిషికి దూరమంతా ఎక్కి దిగడాల్లోనే ఉంటుంది. చేపల చెరువుల గట్ల మధ్య గుంటల రోడ్డు మీద ఆటోలో భీమడోలు, రైలు గేటు దాటి బస్సు, ఏలూరులో దిగి మళ్లీ ఇంకో ఆటో. వెళ్లేటప్పుడు ఒంట్లో నీరు చేరి ఆయాసం. వచ్చేటప్పుడు ఆ నీరంతా తీసేశాక కళ్లు తిరగడం, వాంతులు. బస్సులో సీటడిగితే ఉబ్బిన ఆ ముఖం చూసి, "బాగానే ఉన్నారు కదండీ" అన్నవాళ్లు ఉన్నారు. అక్కయ్య కమ్మీ పట్టుకుని కిటికీలోంచి బయటికి చూసేది.

మా ఆటో ఆయన చర్చి వీధిలో ఉండేవాడు. బండి కదిలే ముందు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, "ప్రభువు చిత్తమైతే వేళకి చేరిపోతామండి అమ్మగారూ" అనేవాడు. శుక్రవారం తలంటి, బొట్టు దిద్దుకుని ఎక్కే మా అక్కయ్యకి మొదట్లో అది నచ్చలేదు. ఒకరోజు బండి గుంటలో పడి ఎగిరి పడగానే, "మీ ప్రభువుకి ఈ గుంటలు కనపడవా ఏంటయ్యా?" అంది. ఆయన వెనక్కి తిరిగి ఎంతో మర్యాదగా, "కనపడతాయండి. కాంట్రాక్టరుకే కనపడవండి" అన్నాడు. అక్కయ్య నవ్వింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆవిడ నవ్వు నేను చెవి పక్కనే విన్నాను. బండి ఊగినప్పుడల్లా ఆవిడ తల నా భుజానికి తగిలేది. మొదట్లో ఉలిక్కిపడి సర్దుకునేది. కొన్నాళ్లకి సర్దుకోవడం మానేసింది.

మధ్యలో కొన్నాళ్లు తాడేపల్లిగూడెంలో కూతురింట్లో ఉండి చూసింది. అక్కడినుంచి రైలయితే కుదుపులుండవు, సుఖమని అందరూ అన్నారు. రైలు సుఖంగానే ఉంటుంది, ఎక్కగలిగితే. నేను తోడు వెళ్లిన రోజున, అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్లే వంతెన మెట్ల మధ్యలోనే అక్కయ్య కూర్చుండిపోయింది. జనం మమ్మల్ని తప్పించుకుని పరుగులు పెడుతున్నారు. కింద రైలు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. ఇద్దరం పైనుంచి చూశాం. "నన్ను మనింటికి తీసుకుపోవే. ఆటో కుదుపులే నయం" అంది. మనిల్లు అన్న మాట విని నేను మళ్లీ అడగలేదు, ఏ ఇల్లని.

ఆ ఏడు వానాకాలంలో పైనుంచి వాగుల నీరు కొల్లేట్లోకి విరుచుకుపడింది. రోడ్డు ముణిగి ఆటోలు ఆగిపోయాయి. ఒకసారి డయాలసిస్ తప్పింది. రెండోది కూడా తప్పేలా ఉంది. పొద్దున్నే వెళ్లి చూస్తే అక్కయ్య మంచం మీద పడుకోలేక, దిండు ఒళ్లో పెట్టుకుని వంగి కూర్చుని ఉంది. మాట మాటకీ ఊపిరి తెగుతోంది. ఫోను చేస్తే, అంబులెన్సు భీమడోలు నుంచి వచ్చినా నీళ్లకి అవతలే ఆగిపోతుందన్నారు. బావగారు గుమ్మం పట్టుకుని నిలబడి, "ఏం చేద్దామమ్మా?" అని నన్నడిగారు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

గట్లు తెగుతాయన్న భయంతో చెరువులవాళ్లు ఆ రోజు దొరికిన చేప దొరికినట్టు పట్టి లారీకెక్కిస్తున్నారు. ఊళ్లోంచి కదలగలిగిన బండి అదొక్కటే. నేను వెళ్లి దానికి అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు పొరుగూరివాడు, "జబ్బుమనిషండీ, దారిలో ఏదన్నా అయితే నా మెడకి చుట్టుకుంటుందండీ. రోడ్డెక్కడుందో, గట్టెక్కడుందో కూడా తెలీడం లేదు" అన్నాడు. అతని మాటలోనూ న్యాయం ఉంది. మా ఆటో ఆయన మోకాళ్ల దాకా లుంగీ ఎగగట్టి వచ్చి, "రోడ్డు నేను చూపిస్తానండి. మీరు నా వెనక రండి చాలు" అన్నాడు. ఆటో ఆయనా బావగారూ చేతులు పెనవేసి కుర్చీలా చేసి అక్కయ్యని క్యాబిన్‌లోకి ఎక్కించారు.

ఆటో ఆయన వెదురు గడ పట్టుకుని ముందు నడిచాడు. గడతో ఇటు పొడిచి, అటు పొడిచి, చెయ్యి ఊపితే లారీ నాలుగడుగులు కదిలేది. ఆ రోజు ప్రార్థన నడుస్తూనే చేసుకున్నట్టున్నాడు, పెదాలు కదులుతున్నాయి. రెండువైపులా కనుచూపు మేర నీళ్లు. వెనకనుంచి చేపల నీచు, కరిగి కారుతున్న ఐసు చప్పుడు. రోజుకి ఒక్క గ్లాసు నీళ్లే తాగాలన్న షరతు మీద బతుకుతున్న అక్కయ్య అద్దంలోంచి చూసి, "ఇన్ని నీళ్లు పెట్టుకుని... నాకు గుక్కెడు ఇవ్వరే" అంది. నవ్వబోయింది, ఊపిరి అందలేదు. కల్వర్టు దగ్గర ఇంజను ఆగిపోయింది. డ్రైవరు తాళం తిప్పుతున్నాడు, అది దగ్గుతోంది. అక్కయ్య నా చెయ్యి పట్టుకుంది. "ఇక్కడ దింపేయరు కదే?" "దింపరక్కయ్యా. మీరు కళ్లు మూసుకోండి." లారీ ఒక్కసారి గట్టిగా ఊగి కదిలింది.

మెరక రాగానే ఆటో ఆయన పక్కకి తప్పుకుని లారీకి దారిచ్చాడు. తీరా భీమడోలు చేరితే గేటు పడి ఉంది. ఎంతకీ తరగని గూడ్సు. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. అక్కయ్య నా భుజం మీద వాలి పలకడం మానేసింది. నా జన్మలో అంత పొడుగు రైలు చూడలేదు. గేటు లేచాక ఆ డ్రైవరు చేపల సంగతి మరిచిపోయి నేరుగా ఆస్పత్రికే పోనిచ్చాడు. "చేపల లారీ లోపలికేంటండీ!" అని అరిచిన వాచ్‌మనే, క్యాబిన్‌లోకి తొంగిచూసి చక్రాల కుర్చీ కోసం పరుగెత్తాడు.

మిషను మీంచి తీశాక అక్కయ్య కళ్లు తెరిచింది. బతికానని కాదు, "ఇంటికెలా పోతామే?" అని అడిగింది. పైకప్పు చూస్తూ తనే, "ఇక వద్దులే. ఇక్కడే ఒక గది చూడమను మీ బావగారిని. నాకు ఓపిక లేదు" అంది. ఆ మాటతో ఆవిడ ఊరు వదిలేసింది. ఆస్పత్రి వెనక సందులో చీకటి గదిలో బావగారు తడుముకుంటూ అన్నం వండేవారు. నేను వీలైనప్పుడల్లా కూర వండుకుని వెళ్లేదాన్ని. "ఉప్పు తక్కువేశావా?" అని అడిగేది. ఆవిడకి ఉప్పు పడదు మరి. "వెయ్యనే లేదక్కయ్యా" అంటే, "అదీ బాగానే ఉంది" అని తినేది.

మరో రెండు వానాకాలాలు గడిచాక, ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. ఊరికి తీసుకురావడానికి ఆస్పత్రివాళ్లే బండి ఇచ్చారు. చల్లటి బండి, కాళ్లు చాపుకునే చోటు. ఎక్కడా మారే పని లేకుండా తిన్నగా గుమ్మం ముందుకే వచ్చి ఆగింది. బావగారు దాన్ని చేత్తో తడిమి చూసి, "ఇది ముందే రావల్సిందమ్మా" అన్నారు.

ఆ దారిలో తిరిగినన్నాళ్లూ ఈ తిరుగుడు ఎప్పుడు ముగుస్తుందా అని లోలోపల విసుక్కుంటూనే ఉన్నాను. ముగిసింది. ఎన్నేళ్లు పక్కపక్క ఇళ్లలో ఉన్నా, మేమిద్దరం నిజంగా కలిసి బతికిన కాలం ఏదంటే, తొందరగా గడిచిపోతే బాగుండునని రోజూ కోరుకున్న ఆ కాస్త కాలమే.