ఏకాదశి పాస్తా

తాడితోటలో చీరల కొట్టు నడిపే జోగేశ్వరరావు గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి భార్య మీనాకుమారి ఏకాదశి ఉపవాసాలు మొదలుపెట్టింది. తానూ ఉంటానని ఆయనే మాటిచ్చాడు. మధ్యాహ్నమయ్యేసరికి మాత్రం కండువాతో నెత్తి తుడుచుకుంటూ, ఇటలీలో వంటపని చేసొచ్చిన సత్తిబాబు బండి చాటుకు చేరతాడు. శనగలేసి ఉడికించిన పాస్తా అక్కడి పేదల భోజనమట, చవక. అన్నం కాదు కదా అని సర్దిచెప్పుకుంటూ, వీధివైపు వీపు పెట్టి తింటాడు. మొన్న నోట్లో ముద్ద ఉండగానే ఫోన్ మోగింది.

"ఏమన్నా తిన్నారాండి?"

"పాస్తా..." అని నోరు జారి, గుటకేసి, "పస్తే మీనా, పస్తే" అన్నాడు.

"అలవాటు లేని మనిషి, నాతోపాటు కడుపు మాడ్చుకుంటున్నారు" అందామె.

సాయంత్రం ఇంటికెళ్తే తన వంతు అరటిపండు కూడా ఒలిచి ఆయన చేతిలో పెట్టింది. ఆకలి లేదనడానికి వీల్లేక రెండూ తిన్నాడు. ఆమె మంచినీళ్లు తాగింది.