ఆండ్రూ కోసం కట్టిన పాట

జువ్వలదిన్నె హార్బర్‌లో పడవ ఇంజన్లు బాగుచేసే క్రీస్తుదాసు గిటార్ వాయిస్తాడంటే నమ్మనివాళ్ళే ఎక్కువ. డీజిలు పట్టిన ఆ లావు వేళ్ళను చూస్తే ఎవరికైనా అనుమానమే. కానీ ఆయనది మొండి సాధన. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, పాట జోలికే పోకుండా, కొన్ని స్వరాలు కలిపి మోగించే ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కు వేళ్ళు మార్చడమొక్కటే పట్టుకునేవాడు. కాలితో నిదానంగా తాళం వేస్తూ, ప్రతి తీగా శుభ్రంగా మోగేదాకా వేగం పెంచేవాడు కాదు.

చర్చిలో కీబోర్డు వాయించే కిషోర్ బాబుకు సంగీతం నేర్పింది ఆయనే. "నిదానంగా వాయించబ్బయ్యా! తప్పుగా వాయిస్తా పోతే వేళ్ళకు తప్పే అలవాటైపోతాది" అని కసిరేవాడు. క్రీస్తుదాసు తమ్ముడు ఆండ్రూ సముద్రంలో చేపల వేటకు పోయి తిరిగి రానప్పుడు, పక్కన కూర్చుని బతిమాలి అన్నం తినిపించింది ఈ కిషోర్ బాబే. అప్పటినుంచి క్రీస్తుదాసుకు వాడే తమ్ముడు.

ఆండ్రూ కోసం క్రీస్తుదాసు ఒక పాట కట్టాడు. 'ఒడ్డున నిలిచినవాడా, నా తమ్ముడి పడవ కనిపించిందా' అని యేసయ్యను అడిగే పాట. అంతా హాయిగా సాగి, 'పడవ' అన్నచోట ఎఫ్ మేజర్ కార్డ్ పడుతుంది. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే మధ్యవేలు ఎత్తేయాలి. ఒక్క వేలు లేస్తే అది ఎఫ్ మైనర్. పాడేవాళ్ళ గొంతు మారదు గానీ, అలల్లో నిలబడ్డప్పుడు కాళ్ళకింద ఇసుక జారినట్టు ఉంటుంది. నిజానికి ఆ పాట నడిచే స్వరాల వరసలో, ఆ స్కేలులో, లేని కార్డ్ అది. ఎన్నో పట్టి చూసి, చివరికి దాన్ని తెచ్చి అక్కడ పెట్టుకున్నాడు. ఆయన దృష్టిలో పాటంటే ఆ ఒక్క చోటే.

"అన్నా, నాయుడుపేటలో స్టూడియో ఉండాది. రికార్డు చేసుకొస్తా" అన్నాడు కిషోర్ బాబు.

"నా పేరు వద్దబ్బయ్యా, పాట దేవునిది. ఆండ్రూ జ్ఞాపకార్థం అని మాత్రం వెయ్యి."

ఆ చర్చిలో పాట కట్టినవాళ్ళు తమ పేరు అడగరు, అడిగితే గర్వమంటారు.

క్రిస్మస్‌కు ముందు ఒక పాటల ఛానల్‌లో వీడియో వచ్చింది. 'రచన, స్వరకల్పన, గానం: బ్రదర్ కిషోర్ బాబు.' ఆండ్రూ పేరు ఎక్కడా లేదు. 'నా తమ్ముడి పడవ' కాస్తా 'నా బతుకు పడవ' అయింది. ఎఫ్ మైనర్ తీసిపారేసి, డ్రమ్ములు వాయించారు. తమ్ముణ్ణి మళ్ళీ సముద్రంలోకి తోసేసినట్టయింది క్రీస్తుదాసుకు.

"ఆండ్రూ పేరేదిరా?" అని నిలదీశాడు.

"పాట దేవునిది గదన్నా, నువ్వే అంటివి. పేర్లతో పనేంది?"

"మరి నీ పేరు?"

"అది ఛానలోళ్ళు వేసినారులేన్నా."

ఆ ఛానల్ వాడిదే.

క్రిస్మస్ ఆరాధనకు ఆ పాటే పెట్టారు. గిటార్ క్రీస్తుదాసునే వాయించమన్నారు. రానని అనేవాడే, కానీ కనీసం ఆ ఒక్క చోటైనా మిగుల్తుందని ఆశపడి వెళ్ళాడు. ప్రాక్టీసులో 'పడవ' దగ్గర వేలెత్తాడు. ముందు వరుసలో పాడుతున్న అబిగయీలు ఆగిపోయింది. ఆ పాట ఎవరు కట్టిందో తెలియని పిల్ల.

"అంకుల్, ఆడ తప్పొస్తా ఉండాది. కిషోరన్న వీడియో ఒక్కసారి వినండి" అంది మర్యాదగానే.

క్రీస్తుదాసు కిషోర్ బాబు వైపు చూశాడు. అసలు పాట అదేనని వాడు ఒక్క మాట చెబితే సరిపోయేది. వాడు తల వంచుకుని కీబోర్డు మీద స్విచ్చులేవో నొక్కుతూ కూర్చున్నాడు. వాణ్ణి దులిపేసే మాటలు క్రీస్తుదాసు నోటిదాకా వచ్చాయి. దేవుని పాటకు పేరు కోసం కొట్లాడాడంటారని మింగేశాడు.

పాట మళ్ళీ మొదలైంది. అందరికీ కంఠతా వచ్చేసింది. 'పడవ' దగ్గరికి రాగానే, ఇన్నాళ్ళ సాధన ఎక్కడికి పోతుంది, వేలు తనంతట తనే లేవబోయింది. క్రీస్తుదాసు దాన్ని బలవంతంగా తీగ మీద అదిమిపెట్టాడు.