వదులు మెట్టెలు

1962, కార్తీక సోమవారం, ఉదయం తొమ్మిది గంటలు. గడియారం చూడడం నాకప్పటికి రాదు. అత్తతో రైలు కోసం కూర్చున్న దొరవారిసత్రం స్టేషనులో పోర్టరు టైము చెప్పాడు.

అంతకు ముందేడు తొలికాన్పులో నాకు గుర్రపువాతం వచ్చింది. ఒళ్ళంతా వాచి ఫిట్లొచ్చాయి. బిడ్డ దక్కలేదు. వాచిన వేళ్ళ నుంచి మెట్టెలు కోసి తీశారు. మళ్ళీ కంటే నా ప్రాణానికే ముప్పు రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. మా అత్త మాత్రం కొత్త మెట్టెలు వదులుగా చేయించింది, ఈసారి వాచినా కోసే పని ఉండదని.

ప్లాట్‌ఫాం మీద ఒక మెట్టె జారి దొర్లింది. బల్ల మీద నా పక్కనున్న పెద్దామె దాన్ని అందుకుంది.

“ఇంత వదులేంది మే? ఎవురిది?”

“నాదే. మళ్ళా కడుపొస్తే కాళ్ళు వాస్తాయని మా అత్త చేయించింది.”

ఆమె, బల్ల చివర కునికిపాట్లు పడుతున్న మా అత్తను చూసింది.

“వాపుకు కొలత బాగానే తీసిందే! మా చెల్లికీ ఇట్నే వచ్చింది. రెండోసారి మిగల్లా.”

తన చీర అంచులోంచి దారం లాగి, మెట్టెకు బిగించి చుట్టి, నా వేలికి తొడిగింది.

“ఇప్పుడుండే కాలికి సరిపోతే చాలు.”

రైలొచ్చింది. ఆమె ఆడవాళ్ళ పెట్టె ఎక్కింది.

ఇంటికెళ్ళాక, ఇంక కననని మా ఆయనకు చెప్పేశాను. ఆయన వల బాగుచేసుకుంటూనే ఉన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గాయి. దారం చివికినప్పుడల్లా నేనే మళ్ళీ చుట్టుకున్నాను.

ఆరోజు స్టేషనులో ఉన్నది పోర్టరు, మా అత్త చెంగమ్మ, నేను పేరడగని ఆమె, పోలమ్మ అనే నేను. మా ఆయన రాలేదు.