కుక్క సుత లేవలే

మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో జవాబు పత్రాలు దిద్దుతుంటే, పక్కనున్న టీచరు సోంపు డబ్బా మూత తీసింది. ఆ వాసనకు నా చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. కోదాడ జూనియర్ కాలేజీలో మాకు ఇంగ్లీషు చెప్పిన సలోమి మేడమ్ భోజనమయ్యాక సోంపు నములుతూనే క్లాసుకు వచ్చేవారు. ఇప్పుడు మిర్యాలగూడలో నేను అదే ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నానంటే తప్పంతా ఆవిడదే.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. కోదాడలో హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. చేరిన వారానికే మేడమ్ ఏదో అడిగితే "నాకు సుత తెల్వదు మేడమ్" అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. అందరూ 'కూడా' అనేచోట 'సుత' అన్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ రోజు మూసిన నోరు మూడు నెలలు తెరవలేదు. ఇంగ్లీషు పేపర్లో ఒక పేరా ఇచ్చి, రచయిత భాషను ఎలా వాడుకున్నాడో రాయమనేవారు. గైడులో బట్టీపట్టిన వాక్యం నా దగ్గర ఒకటుండేది, 'రచయిత భాష ఎంతో అందంగా ఉంది' అని. ఏ పేరా ఇచ్చినా దాన్నే అతికించేదాన్ని. మొదటి పరీక్షలో ఇంగ్లీషు తప్పాను. "ఇంకోపారి తప్పితే ఇగ సదువు బంద్. అమ్మతోని పత్తి ఏరబో" అన్నాడు నాయన. అన్నంత పనీ చేసే మనిషి ఆయన.

తర్వాతి వారం మేడమ్ నన్ను లేపారు. ఆవిడ చేతిలో నా పేపరే ఉంది.

"అందంగా ఉందన్నావు కదా. ఎక్కడుందో చూపించు."

ఆ పేరాలో ఒకాయన జైలు నుంచి ఇంటికొస్తాడు. ఎవరూ పలకరించరు. చివరికి కుక్క కూడా లేవదు. అక్కడున్న 'ఈవెన్' అనే మాటను మేడమ్ వేలుపెట్టి చూపించారు. "ఈ వాక్యాన్ని మీ ఊళ్లో ఎలా అంటారు?"

"కుక్క సుత లేవలే."

మళ్లీ నవ్వులు. మేడమ్ ఎవరినీ తిట్టలేదు. బోర్డు మీద 'కుక్క లేవలే' అనీ, దాని కింద 'కుక్క సుత లేవలే' అనీ రాసి, నవ్విన వరుస వైపు తిరిగారు. "తేడా ఏంటో చెప్పి అప్పుడు నవ్వండి."

నాకే ఉండబట్టలేదు.

"పై దాంట్ల కుక్క ఒక్కటే మేడమ్. కింది దాంట్ల ఇంట్ల ఎవ్వలు లేవలే. కుక్కన్న లేస్తదని సూశిండు. అది సుత లేవలే."

మేడమ్ బోర్డు మీద 'సుత' కింద గీత గీశారు. "పరీక్షలో రాయమనేది దీన్నే. నువ్వు ఇంట్లో రోజూ చేసే పనే కదా" అన్నారు. నాకెంత సంతోషమైందంటే, హాస్టల్ దాకా నాలో నేనే మాట్లాడుకుంటూ నడిచాను.

అర్ధ సంవత్సర పరీక్షలో ఒక్క మాట పట్టుకుని, అది లేకపోతే ఏం పోతుందో వచ్చీరాని ఇంగ్లీషులో పేజీడు రాశాను. ఆ ప్రశ్నకు ఐదుకు నాలుగు వచ్చాయి. మొత్తం మీద ఇంగ్లీషు బొటాబొటిగా పాసయ్యాను. అయినా ఆశ చావక ఆ ఐదో మార్కు గురించి అడిగాను.

"స్పెల్లింగులకు కట్ చేసిన్రా మేడమ్?"

"కాదు. అంతా బాగా రాసి, చివర్లో మళ్లీ భాష అందంగా ఉందని రాశావు. భయమేసి రాశావు కదా? ఆ భయానికి కట్ చేశా."

దొరికిపోయాను. నవ్వొచ్చింది కూడా.

వార్డెన్ ఫోన్ నుంచి నాయనకు పాసైన సంగతి చెప్పాను. "ఇంగ్లీషుల సుతనా?" అన్నాడు. అన్నాళ్లూ ఆయన ఎంత పరేషాన్ అయ్యాడో ఆ ఒక్క మాటలో తెలిసింది. పత్తి మాట మళ్లీ ఎత్తలేదు.

పోయిన వారం నా క్లాసులో, దామరచర్ల వైపు తండా నుంచి వచ్చే పిల్ల ఒక ఇంగ్లీషు మాటకు తెలుగు తట్టక, తన ఇంటి భాషలో ఏదో అంది. ఓ మూల నవ్వు మొదలైంది. నేను గబగబా బోర్డు దగ్గరికి వెళ్లాను గానీ, ఆ మాట నేనెప్పుడూ విన్నది కాదు, ఎలా రాయాలో తెలియలేదు. చాక్‌పీసు ఆ పిల్ల చేతికిచ్చి, వెళ్లి ఆమె బెంచీలో కూర్చున్నాను.