కొమ్ములవాడు చేతులు దించిన రోజు

మణుగూరు బజారులో నా వీడియో గేమ్ షాపు ఒక్క షట్టరంత ఉండేది. ముందు రెండు టీవీలు, నాలుగు స్టూళ్లు. వెనక పరదా దాటితే మా కాపురం. తొంభైల నడిమి రోజులవి. బొగ్గుబావిలో కొలువు దొరకలేదని ఉక్రోషం వచ్చి, అయినవాళ్లంతా వద్దంటున్నా పెట్టిన షాపు అది. నాకు కోపం ఎక్కువ, ఒకరు చెప్పేది వినే గుణం తక్కువ. ఆ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది.

జనం ఎగబడేది ఒకే ఆటకు. అందులో ఇద్దరు ఎదురుబొదురుగా నిలబడి కొట్టుకుంటారు. ఒకడు తెల్లబట్టలవాడు, తల వెనక వెలుగు చక్రం ఉంటుంది. రెండోవాడు నల్లగా, బారెడు కొమ్ములతో ఉంటాడు. తెర మీద వచ్చే రాతలు ఏ దేశపువో మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తెల్లబట్టలవాడి నుదుటి మీద ఎర్రగీత, దానికి అటూ ఇటూ తెల్లగీతలు కనిపించేవి. ఇంకేముంది, నామం అన్నాం. భద్రాచలం అంత దగ్గర్లో ఉండగా మాకు వేరే ఆలోచన ఎలా వస్తుంది? వాడికి స్వామి అని పేరు పెట్టాం, రెండోవాడికి రాక్షసుడని. దర్శనం చేసుకుని వస్తున్న ఒక పెద్దావిడ షాపు ముందు చెప్పులు విడిచి, తెరకు దండం కూడా పెట్టింది. నేను నవ్వలేదు సరికదా, మర్నాటి నుంచి ఆ టీవీ ముందు అగరుబత్తి వెలిగించడం మొదలుపెట్టాను. చాలా ఏళ్ల తర్వాత అదే ఆటను మంచి టీవీలో చూశాను. అది నామం కాదు, చెమట కారకుండా కట్టుకున్న తలగుడ్డ.

సంతరోజున అడవిపల్లె నుంచి ఒక కోయ కుర్రవాడు వచ్చేవాడు. పెళ్లీడు వాడు. వెదురు తట్టలు అమ్ముకుని, తిరిగి వెళ్లేముందు ఒక ఆట ఆడేవాడు. ఎప్పుడూ కొమ్ములవాణ్ణే ఎంచుకునేవాడు, ఎప్పుడూ గెలిచేవాడు.

"ఏంది తమ్మీ, పోయి పోయి రాక్షసుణ్ణి పట్టుకుంటవు?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"రాక్షసుడు కాదు సేటూ. మా నాయిన," అన్నాడు.

పెళ్లిళ్లకూ పండుగలకూ వాళ్ల నాన్న అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని డోలు కొడుతూ ఆడతాడట. "కొమ్ములు తల మీదున్నంతసేపు మా నాయిన ఎవ్వర్నీ ఒక్క మాట అనడు," అన్నాడు. షాపులో ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఆ వానాకాలం నా భార్యకు జ్వరం వచ్చింది. ఆరో నెల కడుపు. మామూలు జ్వరమే అనుకుని రెండు రోజులు నిర్లక్ష్యం చేశాను. మూడో రోజు ఆమె నన్ను చూసి, "ఎవరు నువ్వు?" అంది. మలేరియా మెదడుకెక్కిందని దవాఖానాలో చెప్పారు. సాయంత్రం దాకా ఏమీ చెప్పలేమన్నారు. నర్సు బయటికి వచ్చి, "రెండు పాత చీరలు తీస్కరాపో అన్నా. మెత్తగుండాలె. జల్దీ," అంది. ఎందుకని అడగాలని కూడా నాకు తోచలేదు.

ఇంటికి పరుగెత్తుకొచ్చేసరికి షట్టరు ముందు ఆ కుర్రవాడు తట్టల కట్ట పక్కన కూర్చుని ఉన్నాడు. ఆవేళ సంత అని అప్పుడు గుర్తొచ్చింది. లోపలికి వెళ్లి రెండు చీరలు తీసి చంకలో పెట్టుకున్నాను. పరదా దాటి వస్తుంటే టీవీ ముందు పొద్దుటి అగరుబత్తి బూడిద కనిపించింది. అక్కడే కాళ్లు ఆగిపోయాయి. స్వామి గెలిస్తే నా పెళ్లాం బతకాలి అని మొక్కుకున్నాను. అక్షరాలా అంతే మొక్కాను.

"రా తమ్మీ, ఆడుదాం," అన్నాను. నా ముఖం చూసి వాడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

మూడు పట్లలో రెండు గెలవాలి. మొదటి పట్టు వాడు గెలిచాడు. కొమ్ములవాడు గెలిస్తే, కింద పడ్డవాడికి చేయి అందించి లేపుతాడు. అది వందలసార్లు చూశాను, ఎన్నడూ పట్టించుకోలేదు. రెండో పట్టు ఎలాగో నేను గెలిచాను. మూడోదాంట్లో తెర పైన స్వామి ప్రాణాన్ని చూపే గీత వేలెడంత మిగిలింది. నా చేతులు చెమటకు జారిపోతున్నాయి.

"ఓడిపో తమ్మీ, నీ కాళ్లు మొక్కుత," అన్నాను. ఏడుపు ఆగలేదు. "మీ వదిన దవాఖానల ఉన్నది. ఆరు నెలల కడుపుతోటి ఉన్నది. స్వామి గెలిస్తెనే బతుకుతదని మొక్కిన."

వాడు నా వంక ఒక్క క్షణం చూసి, జాయ్‌స్టిక్ నేల మీద పెట్టేశాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

తెర మీద కొమ్ములవాడు కదలకుండా నిలబడ్డాడు. నేను కొట్టాను. తల వెనక వెలుగున్నవాడు, ఎదురు తిరగని మనిషిని ముఖం మీదా కడుపులోనూ తన్నాడు. నాకు సిగ్గేసింది. అయినా ఆపలేదు. ఒక్కో దెబ్బకూ ఆమె పేరు తలుచుకుంటూ కొట్టాను. కొమ్ములవాడు పడిపోయాడు. స్వామి వాడి రొమ్ము మీద కాలు పెట్టి చెయ్యెత్తాడు. ఆ ఆటలో దేవుడు గెలిస్తే వచ్చే బొమ్మ అదే. చెమ్మగిల్లిన కళ్లతో దానికే దండం పెట్టి పరుగెత్తాను.

నర్సు చీరలు అందుకుని లోపలికి వెళ్లింది. పొద్దు వాలాక ఒక చీర తిరిగొచ్చింది, మడతల్లో మా బిడ్డతో. ఆడపిల్ల. ఊపిరి లేదు. మర్నాడు నా భార్య కళ్లు తెరిచి నన్ను పేరు పెట్టి పిలిచింది. మొక్కు తు.చ. తప్పకుండా తీరింది. నేను ఒక్కరినే అడిగాను, ఒక్కరే దక్కారు. దేవుణ్ణి తిట్టడానికి కూడా నాకు నోరు లేకుండా పోయింది.

మూడు సంతలు గడిచాక వాడు వచ్చాడు. "వదిన బతికిందా సేటూ?"

"బతికింది."

వాడి ముఖం విప్పారింది. సంచిలోంచి చిన్న వెదురు గిలక్కాయ తీసి నా చేతిలో పెట్టాడు. "మా నాయిన చేసిండు, పుట్టే బిడ్డకు."

బిడ్డ లేదని చెప్పాను. వాడు మెల్లగా అన్నాడు, "చేతులు దించినప్పుడు మా నాయిన కొమ్ములకు చెప్పుకున్న సేటూ, ఇద్దర్నీ నిలబెట్టుమని. నువ్వు గూడ ఇద్దర్నే అడిగినవ్ గదా?"

"అవ్," అన్నాను.

గిలక్కాయను జేబులో దాచబోతే చప్పుడైంది. పరదా వెనక నుంచి నా భార్య, "ఏందయ్యా ఆ సప్పుడు?" అని అడిగింది.