బయటి గొళ్ళెం లేని ఇల్లు

మా పెద్దమ్మ పోయింది. మహబూబ్‌నగర్ దవాఖాన నుంచి ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేసినప్పుడు బయట వాన పడుతోంది. ఏడుపు కన్నా ముందు నాకు భయమే వేసింది. ఊళ్లో ఆమె ఉండే పాత మట్టి గడీ ఇప్పుడు ఒంటరిగా తడుస్తోంది.

అది ఒకప్పుడు దొర పశువుల గడీ. రెండు మూరల మందం గోడలు, పశువుల మంద మొత్తం పట్టే దొడ్డి. వెట్టికి రానివాళ్లను కిటికీ లేని వెనక అర్రలో వేసి బయట గొళ్ళెం పెట్టేవారట. పెద్దమ్మ తల్లినీ ఒకసారి అలాగే వేశారు. దొర కుటుంబం పట్నం చేరాక దాన్ని కొనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. గొడ్లకు జాగా కావాలని పెదనాన్న కొన్నాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే పెద్దమ్మ వడ్రంగం చేసే వడ్లాయనను పిలిపించి ప్రతి తలుపుకూ బయటి గొళ్ళెం పీకించింది.

చిన్నప్పుడు సెలవులకు వెళితే ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఉండేదాకా వచ్చేది. తలుపులు కిర్రుమనేవి, ఎక్కడో మట్టి పెళ్ల రాలేది. పెద్దమ్మ కొంగు పట్టుకుంటే ఆమె నవ్వేది కాదు, ధైర్యమూ చెప్పేది కాదు.

"నాకు గూడ భయమే బిడ్డా. జర ఇటు జరుగు, ఇద్దరం కలిసి భయపడుదం," అనేది.

అంత నిజం చెప్పే పెద్దవాళ్లు నాకు మళ్లీ దొరకలేదు.

ఒక ఏడు వానలకు వెనక అర్ర గోడ కూలింది. పీడ పోయిందనుకున్నాం. ఆమె మాత్రం గడ్డి కలిపి మట్టి తొక్కి మళ్లీ లేపింది.

"గంత భయపడుకుంట గా అర్ర మళ్ల ఎందుకు కడుతున్నవ్ పెద్దమ్మా?" అని అడిగాను.

"గిది లేకుంటే మా అమ్మ సంగతి ఎవలు నమ్ముతరు?" అంది.

దినాలు అయ్యాక అన్న తాళాలు తెచ్చాడు. ఉద్యోగం చౌటుప్పల్‌లో, ఇల్లు అలా వదిలేసి ఎలా వెళ్తాడు? తాళం వేయాలంటే తలుపులకు మళ్లీ బయటి గొళ్ళేలు కావాలి. వడ్లాయన ముందుగా దొడ్డిలోకి తెరుచుకునే వెనక అర్రకు గొళ్ళెం బిగించాడు. లోపల నేను గంపలు సర్దుతున్నానని తెలియక అన్న దాన్ని వేసి చూశాడు. ఒక్కసారిగా చీకటి. తలుపు బాదాను.

తీసి, నా ముఖం చూసి, అన్న తనే లోపలికి వెళ్లాడు. "జర గొళ్ళెం పెట్టు," అన్నాడు. పెట్టాను. లోపలి నుంచి "అమ్మా" అని ఒక్క కేక. వెంటనే తలుపు తీశాను.

ఎవరూ చెప్పకుండానే వడ్లాయన గొళ్ళెం ఊడదీశాడు. ఊరు దాటేదాకా తాళాలు అన్న చేతిలోనే ఉన్నాయి. వెనక గడీ తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి.